సారథి లేడను సాకు

రాత్రి పదకొండు దాటిన పిమ్మట చేతిలోని ఫోనును మంచముపై విసరివైచి, చెవులనుండి ఇయర్‌ఫోన్లు ఊడబెరికి, ముఖము గంటుపెట్టుకొని కూర్చున్న పదునెనిమిదేండ్ల కుమారుని చూచి, "ఆటేగా, దానికింత ఏడుపెందుకురా?" అని తండ్రి యనును. "నా తప్పేం లేదు నాన్నా, టీమే వేస్టు" అని కుమారుడు బదులు చెప్పును. ఈ సంభాషణము మన యిండ్లలో నేడు నిత్యకృత్యమైనది. వినువారికి ఇరువురి మాటలోను కొంత న్యాయమున్నట్లే తోచును గాని, నా యభిప్రాయమున ఇరువురును పొరపడినవారే. తండ్రి ఓటమిని తేలికచేసి త్రోసివేయుచున్నాడు, కుమారుడు దానిని పరుల తలపై రుద్దుచున్నాడు, దానిని ఎదురుగా కూర్చుండబెట్టుకొని "నీవేల వచ్చితివి?" అని యడుగు ఓపిక ఒక్కరికిని లేదు.

ముందుగా ఒక అపోహను తొలగింపవలసియున్నది. డబ్బులొడ్డి యాడు రమ్మీ యాప్‌లను గూర్చి నేను మాటలాడుట లేదు. వానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను ధనమొడ్డు ఆటలను వారించుచు, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రము వానినుండి వేరుచేసి క్రీడగా గుర్తించినది. ఐదుగురికి ఐదుగురు ఎదురు నిలుచు డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటివియు, నలుగురేసి జట్టుగా దిగు బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటివియు ఈ రెండవ కోవకు చెందినవి. వీనిలో పోవునది ధనము కాదు, ర్యాంకు; అయినను ర్యాంకు పోయినవాని దుఃఖము ధనము పోయినవాని దుఃఖమునకు ఏమాత్రము తీసిపోదని వీనిని ఆడువారిని ఎరిగినవారందరకు తెలియును.

ఈ ర్యాంకు అనునది ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో ఆ దుఃఖములో సగము దానంతట అదియే కరగునని నా నమ్మకము. హంగేరీలో జన్మించి, అమెరికాలోని మిల్వాకీ నగరమున భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాడ్ ఎలో అను ఆచార్యుడు చదరంగపు ఆటగాండ్ర బలాబలములను తూచుటకు ఒక లెక్కను కట్టెను. దానిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, అంతర్జాతీయ సమాఖ్య 1970లోను స్వీకరించినవి. నేటి ఆన్‌లైన్ ఆటలలోని ర్యాంకు పద్ధతులలో పెక్కింటికి మూలము ఆ లెక్కయే. దాని ప్రకారము ఇరువురి అంకెలును సమానమైనచో గెలుపు సగము సగము. 200 పాయింట్ల తేడా యున్నచో బలవంతుడు నూటికి సుమారు 76 ఆటలును, 400 తేడా యున్నచో సుమారు 91 ఆటలును గెలుచునని అంచనా. గెలిచినవాని అంకె పెరుగును. పెరిగిన అంకెకు దీటైన ప్రత్యర్థిని కంప్యూటరు వెదకి తెచ్చి ఎదుట నిలుపును. అంతట అతని గెలుపులు తగ్గును. ఓడినవాని అంకె తరుగును. తనకు సరియైన ఎదుటివారు దొరకుదురు. అంతట అతడు మరల గెలుచుట మొదలిడును. ఇట్లు ఎక్కుచు దిగుచు ప్రతివాడును ఎచ్చట తాను సగము గెలిచి సగము ఓడునో అచ్చటికే చేరి నిలుచును. కాబట్టి నూరు ఆటలలో ఏబది ఓడినవానికి ఏ అన్యాయమును జరుగలేదు. అతని స్థానమును ఆ పద్ధతి సరిగా కనిపెట్టినదనియే దానికర్థము.

బీజీఎంఐ లెక్క ఇంకను నిర్దాక్షిణ్యమైనది. విమానమునుండి నూరుగురు దుముకుదురు. నలుగురేసి చొప్పున ఇరువదియైదు స్క్వాడ్లు. తుదకు 'చికెన్ డిన్నర్' అనబడు గెలుపు దక్కునది ఒక్క స్క్వాడ్‌నకే. అందరును సమానబలులే యనుకొన్నచో ఇరువదియైదింట ఇరువదినాలుగు మారులు ఓడుట సహజధర్మము. దినమునకు ఐదాటలాడి ఐదును ఓడిన పిల్లవాడు తనకేదో శనిదశ పట్టినదని తలచుచున్నాడు. ఐదు దినములలో ఒక్కమారు గెలిచినను అతడు తన వంతు గెలిచినవాడే. వరుస ఓటముల సంగతియు ఇట్టిదే. సగము సగము అవకాశముగల ఆటలు నూరు ఆడినవానికి, అందులో ఎచ్చటనో ఒకచోట వరుసగా ఐదు ఓటములు తగులుటకు గల సంభావ్యత సుమారు ఐదింట నాలుగు వంతులు. అనగా అట్టి వరుస తగులకపోవుటయే అరుదు. దానికై అకౌంటు మార్చుటయు, రాశి మార్చుటయు అనవసరము.

ఇక "టీమే వేస్టు" అను మాటకు వచ్చెదను. విరాటపర్వమునందలి ఉత్తరుని మనవారు ప్రగల్భములకు సామెతగా వాడుకొనిరి గాని, ఆ పాత్రలో నన్నాకర్షించునది ప్రగల్భము కంటె అతడు చూపిన సాకు. కౌరవులు గోవులను తోలుకొనిపోవుచుండగా, అంతఃపురకాంతల నడుమ నిలిచి, శత్రుసేనను చెండాడుటకు తనకన్ని విధముల శక్తి కలదనియు, లోటెల్ల తగిన సారథి లేకపోవుటయే యనియు అతడు పలికెను. సారథి దొరికెను, దొరికినవాడు బృహన్నల వేషమున నున్న అర్జునుడు. అంతకంటె మంచి టీమ్‌మేట్ ముల్లోకములలో ఎవ్వనికి దొరకును? అయినను సేనాసముద్రము కంటబడినంతనే రాకుమారుడు రథము దిగి పరుగు లంకించుకొనెను. ఇంతవరకు అందరును చెప్పుకొని నవ్వుకొందురు. దాని తరువాతి కథను తలచువారు తక్కువ. జమ్మిచెట్టునుండి ఆయుధములు దించి, పగ్గములు చేతబట్టి, ఆ ఉత్తరుడే అర్జునునకు సారథియై రథమును నడపెను, గోవులు మరలివచ్చినవి. ఎవడు లేడని వగచెనో వాని పనినే తాను చేసెను. ఇల్లు చేరిన పిదప తండ్రి తన పరాక్రమమును పొగడబోగా, గెలిచినది తాను కానని ఒప్పుకొనెను. ఒక్క దినములో ఇంత దూరము నడచిన పాత్ర మన పురాణములలో వేరొకటి నాకు స్ఫురించుట లేదు.

డోటా 2 ఆడువారికి ఈ కథ కొత్తగా వివరింపనక్కరలేదు. ఐదుగురిలో జట్టుకు ముఖ్యబలమగు క్యారీ యగుటకు, నడిమి దారియగు మిడ్‌లో నిలుచుటకు అందరును ముందుకు వత్తురు. తక్కువ బంగారముతో సరిపెట్టుకొని, చీకటి మూలలలో శత్రువుల రాకను కనిపెట్టు వార్డులు పెట్టుచు, తోడివానిని కాపాడుటకై తాను చచ్చుచు తిరుగు సపోర్టు పని ఎవ్వరికిని రుచింపదు. ఓడిన పిమ్మట మాత్రము "మాకు సపోర్టు లేడు" అని అందరును ముక్తకంఠముతో చెప్పుదురు. లేనప్పుడు ఆ పని నీవేల చేపట్టరాదని యడిగినచో బదులు రాదు.

తోడివారిపై నెపము మోపువారు ఒక చిన్న లెక్కను మరచుచున్నారు. పదిమంది యాటలో నీవు గాక తొమ్మండుగురు అపరిచితులు. అందు నలుగురు నీ పక్షమునను, ఐదుగురు ఎదుటి పక్షమునను ఉందురు. చేతగానివాడు ఎచ్చటనైనను పడవచ్చుననుకొన్నచో, అతడు ఎదుటి పక్షమున పడుటకే ఒక చోటు అధికముగా నున్నది. నీవు నిజముగా నీ ర్యాంకుకు మించినవాడవే యైనచో, ఆటలు పెరిగినకొలది ఈ యొక్క చోటు తేడాయే నిన్ను మీదికి మోసికొనిపోవును. ఒక రాత్రి నీ స్క్వాడ్ నిజముగానే నిన్ను ముంచియుండవచ్చును, కాదనను. ఒకడు నడుమ నెట్ పోయి మాయమగును, ఇంకొకడు కోపముతో కావలెననియే ఓడించును. కాని మూడువందల ఆటలలో నలుగురు నలుగురు చొప్పున మారుచునే యుండగా, మారక నిలిచినవాడు నీవొక్కడవే.

ఇది వినుటకు కఠినముగా నుండును. ఓదార్పు కోరి వచ్చినవానికి లెక్క చెప్పుట క్రౌర్యమని కొందరనవచ్చును. మన పుస్తకాల అంగళ్లలో అరలకు అరలు నిండిన వ్యక్తిత్వ వికాస గ్రంథములన్నియు సానుకూల దృక్పథమును బోధించునవే. వానిలో పెక్కింటి సారాంశము "ఓడినను చిరునవ్వు నవ్వుము" అనునదియే. ఆ చిరునవ్వుపై నాకంత గురి లేదు. ఓడినప్పుడు ముఖము వాడుట మనుష్యలక్షణము. 2017లో బీజింగు నగరపు జాతీయ క్రీడాంగణమున జరిగిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ ఫైనలులో, అప్పటికే మూడుమారులు జగజ్జేతయై, ఫేకర్ అను పేరుతో లోకమెరిగిన దక్షిణ కొరియా యువకుడు లీ సాంగ్ హ్యోక్, సామ్‌సంగ్ గెలాక్సీ జట్టు చేతిలో 0–3 తేడాతో ఓడి, బల్లపై తల వాల్చి వెక్కివెక్కి యేడ్చెను. కోట్లకొలది జనము చూచు ఆటలో ఆ యేడ్పును దాచుకొనుటకు అతడు ప్రయత్నింపలేదు. దానిని నేను బలహీనత యనను.

నేను గమనింపుమనుచున్నది ఆ యేడ్పు తరువాతి సంగతి. ఐదేండ్లకు, 2022లో, శాన్ ఫ్రాన్సిస్కోలో అతడు మరల ఫైనలు చేరెను, చుట్టును నలుగురు కొత్త కుర్రవాండ్రు, టీ1 జట్టు. ఎదుట డీఆర్‌ఎక్స్; ప్రాథమికపు ప్లే-ఇన్ దశనుండి ఒక్కొక్క మెట్టు ఎక్కుచు వచ్చిన జట్టు. దానికి గెలుపును ఎవ్వరును ఆశింపలేదు. ఐదాటల పోరులో 2–3 తో టీ1 ఓడెను. ఇట్టి ఓటమి తరువాత ఈ వృత్తిలో సాధారణముగా జరుగునది జట్టును చీల్చుట. ఒకనిని నేరస్థునిగా నిర్ణయించి, వానిని పంపివేసి, మరియొకనిని కొనుట. టీ1 ఆ పని చేయలేదు. ఓడిన యా ఐదుగురే 2023లో సియోలు నగరమున వైబో గేమింగ్‌పై 3–0 తోను, 2024లో లండను నగరమున బిలిబిలి గేమింగ్‌పై 3–2 తోను గెలిచిరి. ఒకడు మారిన జట్టుతో 2025లో చెంగ్డూలో కేటీ రోల్‌స్టర్‌పై గెలిచి వరుసగా మూడవ కిరీటము ధరించిరి. జట్టును మార్చకున్నచో అందరును గెలుతురని దీనినుండి తీర్మానింపరాదు. మార్చక ఓడిన జట్ల పేర్లు ఎవ్వరును వ్రాసిపెట్టుకొనరు గనుక అవి మనకు కనబడవు. ఇంతమాత్రము చెప్పవచ్చును: ఓటమికి కారణమొకడని తేల్చివేసినచోట తక్కిన నలుగురి అధ్యయనమును అంతటితో ఆగిపోవును.

డోటా 2లో ఓజీ జట్టు కథ దీనికి తారుమారైనది. 2018 వేసవిలో ఆ జట్టునుండి ఇద్దరు విడిపోయి ఈవిల్ జీనియసెస్ అను జట్టులో చేరిరి. కెప్టెను యోహాన్ సున్‌స్టైన్‌కు మిగిలినది అరకొర జట్టు. కోచ్‌గా నున్న సెబాస్టియన్ డెబ్స్ తానే ఆటకు దిగెను. పెద్ద వేదికలెరుగని ఫిన్లాండు కుర్రవానినొకనిని చేర్చుకొనిరి. ఆటకు దూరమైన పాత మిత్రునొకనిని వెనుకకు పిలిచిరి. ఎవరైనను పాల్గొనదగిన ఓపెన్ క్వాలిఫయరునుండి మొదలిడి, వాంకోవర్ నగరమున ఆగస్టులో జరిగిన 'ది ఇంటర్నేషనల్' అను జగత్పోటీకి చేరి, దారిలో ఆ ఈవిల్ జీనియసెస్‌నే 2–1 తో ఓడించి, ఫైనలులో పీఎస్‌జీ.ఎల్‌జీడీ యెదుట 1–2 తో వెనుకబడియు, తక్కిన రెండాటలు గెలిచి విజేతలైరి. మరుసటి యేడు షాంఘైలోను గెలిచి, ఆ పోటీని రెండుమారులు గెలిచిన మొదటి జట్టు అను ఖ్యాతిని పొందిరి. వెళ్లిపోయినవారిని తిట్టుచు కూర్చుండుటకు వారికి కావలసినంత కారణముండెను, కాలము మాత్రము లేకుండెను.

మన పిల్లలకు కిరీటములు గాని, కోచ్‌లు గాని లేకపోవచ్చును. వారికి ఆ విజేతలకున్నంత సులభముగా దొరకు సాధనమొకటి కలదు, అది రీప్లే. డోటా 2 వంటి ఆటలో ముగిసిన పందెమునంతటిని దించుకొని, ఎదుటివారి కన్నులతో కూడ చూడవచ్చును. ఇట్టి సౌకర్యము క్రికెట్టు ఆడు గల్లీ పిల్లవానికి ఏనాడును లేకుండెను. అయినను దానిని చూచువారెందరు? గెలిచిన ఆటను పదిమారులు చూచి స్నేహితులకు పంపువారు ఓడిన ఆటను ఒక్కమారును తెరువరు. తెరచినవారును తోడివాని తప్పులను వెదకుటకే తెరచెదరు. నాకు తెలిసిన మంచి ఆటగాండ్రు చెప్పు పద్ధతి మిక్కిలి నిరాడంబరమైనది: ఆట మొత్తము చూడవలదు, నీవు మొదటిమారు చచ్చిన ఘట్టమునకు పోయి, దానికి కొన్ని సెకండ్లు ముందునుండి చూడుము. ఎదుటివారిలో ముగ్గురు మ్యాప్‌పై కనబడకుండుట నీ కన్నులయెదుటనే యుండును. నీవు ఆ వేళ దానిని చూడక, ఎదురుగా ఒంటరిగా దొరికిన శత్రువును చూచి ఆశపడితివి. ఒక్క ఆటనుండి ఇట్టి తప్పొకటి చాలును. ఇరువది తప్పుల పట్టిక వ్రాసికొన్నవాడు మరునాడు ఇరువదింటిని మరచును.

రీప్లే తెరచుటకు బదులుగా అందరును చేయు పని మరియొకటి కలదు. తత్‌క్షణమే మరల క్యూలో చేరుట. ధర్మరాజు తొలి జూదమున పోగొట్టుకొన్నదంతయు ధృతరాష్ట్రుని దయవలన తిరిగివచ్చెను. ఇంటిదారి పట్టినవాడు పిలువగనే వెనుదిరిగి అనుద్యూతమునకు కూర్చుండెను. పండ్రెండేండ్ల అరణ్యవాసమును, ఒక యేడు అజ్ఞాతవాసమును ఆ రెండవ యాట ఫలము. ఓటమిలోని వేడి చల్లారకముందు ఆడు ఆటను ఆటగాండ్రు టిల్టులో ఆడుట యందురు. టిల్టులో నున్నవాడు కసిరేగి, అవసరములేని పోరునకు దిగి, మరల ఓడి, ఆ ఓటమికి మరల తోడివారిని తిట్టును. వరుసగా రెండు ఓడినచో ఆ రాత్రికి ఫోను ప్రక్కనబెట్టి పండుకొనుట మేలని చెప్పుటకు మనస్తత్వశాస్త్రము అక్కరలేదు. మరునాడు కాలేజీ ఉన్నదను సంగతియే చాలును.

ఓటమినుండి నేర్చుకొనుటలో మనుష్యుని మించినది యంత్రమని యిటీవల కొందరనుచున్నారు. ఓపెన్ఏఐ సంస్థ నిర్మించిన ఓపెన్ఏఐ ఫైవ్ అను కార్యక్రమము 2018లో వాంకోవర్‌లో మనుష్యుల జట్లతో ఆడిన రెండాటలును ఓడి, 2019 ఏప్రిలులో జగజ్జేతయైన ఓజీ జట్టును వరుసగా రెండాటలలో ఓడించినది. తనతో తానే లెక్కకు మిక్కిలిగా ఆటలాడి అది నేర్చెను. అందు నాకు ముచ్చటగొలిపిన సంగతి వేరొకటి. యంత్రములోని ఐదుగురు కృత్రిమ క్రీడాకారులలో ప్రతివాడును తన లాభమును ఎంత, జట్టు లాభమును ఎంత లెక్కింపవలెనో నిర్ణయించు అంకెయొకటి కలదు. దానికి నిర్మాతలు పెట్టిన పేరు టీమ్ స్పిరిట్. మొదట దానిని తక్కువగా నుంచి, శిక్షణ ముదిరినకొలది ఒకటి వరకు పెంచుచు పోయిరి. ఒకటి యనగా ఐదుగురిలో ఎవ్వనికి ఏ లాభము కలిగినను అది అందరిదిగా సమముగా లెక్కింపబడును. రాగద్వేషములు లేని యంత్రమునకు సైతము సంఘభావమును వేరుగా అంకె పెట్టి నేర్పవలసివచ్చినది. పదునెనిమిదేండ్ల పిల్లవానికి అది పుట్టుకతోనే యుండవలెనని మనమెట్లు కోరుదుము?

మనమైనను వానికి దానిని నేర్పితిమా? తెలుగునాట పిల్లవాడు పదవ తరగతినుండి ర్యాంకు అను మాటతోనే లేచి, ఆ మాటతోనే పండుకొనును. ఎంసెట్ అనబడి నేడు ఈఏపీసెట్‌గా మారిన పరీక్షలోని అంకెను టీవీ ప్రకటనలలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని మంత్రమువలె వల్లించుట విని పెరిగిన తరమిది. ఆ ర్యాంకు ఒంటరివాని ర్యాంకు. అందు గెలిచినను ఒక్కడే, ఓడినను ఒక్కడే; పక్క బల్లవాని తప్పు నా ర్యాంకును తగ్గింపదు, వాని ఒప్పు దానిని పెంపదు. ఆటలపీరియడును సైతము లెక్కల మాస్టారికి ధారపోసిన కాలేజీలలో రెండేండ్లు గడపినవానికి, నలుగురితో కలిసి ఓడి, ఆ నలుగురితోనే మరునాడు కలిసి ఆడు అభ్యాసమెచ్చట దొరకును? ఆ అభ్యాసము నేడు దొరకుచున్న అరుదైన స్థలములలో ఈ ఆటలొకటి; దానిని అపహసించు పెద్దలు దానికి బదులుగా వేరొక మైదానమును చూపిన పక్షమున నేను సంతోషముతో ఈ వ్యాసమును వెనుకకు తీసికొందును.

అయితే ఈ మైదానములో ఒక లోటున్నది. ఊరి చెడుగుడులో పట్టు విడిచినవానిని తిట్టినచో, వాడు మరునాడు చెరువుగట్టున ఎదురుపడును. వాని తల్లి మన తల్లితో మాటలాడును. కావున తిట్టుకొక హద్దుండెను. ఇచ్చట తిట్టించుకొన్నవాని ముఖము మనకు కనబడదు, వాని యూరు మనకు తెలియదు. వాడు మరల ఎదురుపడడు. నిర్మాతలు దీనికి కొన్ని విరుగుడులు పెట్టిరి: మ్యూట్ చేయు బొత్తాము కలదు, ఫిర్యాదు చేయు మార్గము కలదు, డోటా 2లో ఆట మధ్య విడిచిపోవువారిని, దుష్ప్రవర్తకులను వేరుచేసి లో ప్రయారిటీ అను వరుసలోనికి త్రోసెదరు, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో మంచివానికి ఆనర్ ఇచ్చు పద్ధతి కలదు. ఇవి కొంత పనిచేయును. కాని తిట్టు నోటినుండి వెలువడిన పిమ్మట పనిచేయునవే యివన్నియు.

దీనికి మూల్యము చెల్లించువారిలో ఆడపిల్లలు మొదటివారు. జట్టు ఆటలో ప్రాణము మైకు. శత్రువు ఎచ్చటనున్నాడో, ఎవడు నాక్ అయి పడెనో, ఎవనిని రివైవ్ చేసి లేపవలెనో నోటితో చెప్పినచో క్షణములో తెలియును. గొంతు వినబడినంతనే అసభ్యపు మాటలును, పెండ్లి ప్రతిపాదనలును, వంటింటికి పొమ్మను సలహాలును మొదలగుటచే, ఎందరో ఆడపిల్లలు మైకు ఆపివైచి, మగపేరు పెట్టుకొని, మౌనముగా ఆడుచున్నారు. కొండచాటున పొంచిన స్క్వాడ్‌ను ఆ పిల్ల చూచియే యుండును, చెప్పలేదు. నలుగురును చచ్చిరి. అంతట మిగిలిన మువ్వురును "నాలుగోవాడు మాట్లాడడు, వేస్టుగాడు" అని వాపోవుదురు. ఆ నాలుగవవాడు ఏల మాటలాడుట లేదో ఆ మువ్వురును తమ తమ మైకులలో తాము నిన్న రాత్రి పలికిన మాటలను జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పవలసియున్నది.